రవ్వంత మజ్జిగ

నా చిన్నప్పుడు మర మూత ఉన్న రేకు డబ్బా అంటే మా ఇంట్లో ఆస్తి కింద లెక్క. మాది ఆళ్లగడ్డ పక్కన పల్లె. నాయన పత్తికి పురుగుమందు కొట్టి ఖాళీ డబ్బా ఇంటికి తెస్తే, మా అవ్వ దాన్ని పారేయనిచ్చేది కాదు. ఆ ఏడు వచ్చిన డబ్బా మరీ బాగుండె. దాని మీద పుర్రె బొమ్మ, కింద ఏదో రాత. చదివేవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు. నాకు అక్షరాలు వచ్చింది పెండ్లయి, పిల్లలు పుట్టినాక.

అప్పుడు మా అమ్మ కడుపుతో ఉండె. కాన్పయినాక అమ్మ తినడానికి, బిడ్డ ఒంటికి రుద్దడానికి నువ్వుల నూనె ఆ డబ్బాలో పోసి పెట్టాలని అవ్వ పట్టు. బూడిదతో తోమింది, చింతపండుతో తోమింది, ఎండకు పెట్టింది. ముక్కు దగ్గర పెట్టుకొని చూసి, వాసన పోయింది, ఇంకేం అనింది.

పక్కింటి అక్క నంద్యాల కాలేజీలో జీవశాస్త్రం చదువుతాండె. రోజూ బస్సులో పోయి వచ్చేది. డబ్బా మీది రాత చదివింది ఆ అక్కే. దీంట్లో నూనె పోయొద్దవ్వా అని మొత్తుకుంది.

“ఏమ్మే, ఇంత తోమినాక ఇంకా యాడుంటుంది మందు? ఉన్నా రవ్వంత. రవ్వంత ఏం చేస్తుంది?”

అక్క మొహం చిన్న చేసుకొని పోయింది. అవ్వ నా వైపు తిరిగి, “సదువుకున్నోళ్లకు అన్నీ భయాలేనే” అని నవ్వింది.

మరునాడు అమ్మకు సీమంతం. పాయసానికని అవ్వ సాయంత్రమే పాలు కాచి, ఆరనిచ్చి, మూత పెట్టింది. తెల్లారి చూస్తే గడ్డ పెరుగు. వీధంతా వినబడేటట్టు తిట్లు మొదలుపెట్టింది. ఆ తిట్ల మధ్యలోకే అక్క నడిచి వచ్చింది, చేతిలో వాళ్ల బర్రె పాలు తపేలా నిండా పట్టుకొని.

“నేనేలే అవ్వా. నీ పాలల్లో మజ్జిగ వేలితో విదిలించినా. రవ్వంతే. రవ్వంత ఏం చేస్తుంది?”

పేరంటానికి వచ్చినోళ్లు పకపకా నవ్వినారు. అవ్వ నవ్వలేదు. “మజ్జిగది కాదే పిచ్చిదానా, వేళది! గోరువెచ్చగా ఉన్నప్పుడు పడింది కాబట్టి తోడుకుంది. బాగా చల్లారినాక విదిలించి చూడు, పాలు పాలుగానే ఉంటాయి.”

అక్క తపేలా కింద దించింది. అవ్వ వేళ మాట ఎత్తుతుందని ఆమె అనుకోలేదు. మెల్లగా అనింది: “కడుపులో బిడ్డ కూడా గోరువెచ్చని పాలే కదవ్వా.”

అవ్వ గడపలో కూర్చున్న అమ్మను ఒకసారి చూసింది. పెరట్లోకి పోయి గడ్డపార తీసి డబ్బా అడుగున ఒక్క పోటు పొడిచింది. పారేస్తే ఎవరో ఒకరు ఏరుకొని నీళ్లు పట్టుకుంటారంట, అందుకని చిల్లు. నువ్వే గెలిచినావని మాత్రం అక్కతో అనలేదు. అనే మనిషి కాదు. పాయసం గిన్నె మొదట అక్క ముందరే పెట్టింది.

ఆ రోజు అక్క నోటికి వచ్చింది అనేసింది. అది నిజమా కాదా చూడ్డానికి ఆమెకు బతుకంతా పట్టింది. దూరపు ఊర్లలో ల్యాబుల్లో పని చేసింది. ఆడవాళ్ల ఒంట్లో ఈస్ట్రోజెన్ అని ఒక హార్మోను ఊరుతుందంట. కొన్ని పురుగుమందులు, ప్లాస్టిక్‌లో కలిపే కొన్ని మందులు ఆ హార్మోను మాదిరే వేషం కట్టి ఒంటిని మోసం చేస్తాయంట. గాజు తొట్లలో చేపలను పెట్టి, నీళ్లలో కంటికి కనపడనంత మందు కలిపితే, మగచేపల ఒంట్లో కూడా గుడ్డుకు కావాల్సిన సొన తయారైందంట. మొదట్లో పెద్ద పెద్దోళ్లే నమ్మలేదు, ఇంత తక్కువ ఏం చేస్తుందన్నారు. “మీ అవ్వ మాటే, ఇంగ్లీషులో అన్నారు” అని చెప్పి అక్క నవ్వుతుంది.

ఇప్పుడు రిటైరై నంద్యాలలో ఉంటుంది. నేను పోయినప్పుడల్లా మజ్జిగ ఇస్తుంది. ఆ డబ్బాలో నూనె పోసుంటే అప్పుడు కడుపులో ఉన్న మా తమ్మునికి ఏమవుతుండె అని ఒకసారి అడిగినా. “తెలీదు” అనింది. అన్నేండ్లు చదివిన మనిషి తెలీదంటే నాకు ఆమె మీద గౌరవం ఇంకా పెరిగింది. తెలిసినంతే చెప్తుంది, తెలీనిది తెలీదంటుంది. కానీ తెలీనప్పుడు నూనె పోయకుండా ఉండేది మన చేతిలో పనే కదా.

మొన్న నా మనవరాలు పుట్టింటికి వచ్చింది, అయిదో నెల. హోటలు నుంచి పొగలు కక్కే సాంబారు ప్లాస్టిక్ కవర్లో కట్టించుకొని వచ్చింది. నేను మొహం చిట్లిస్తే, “రవ్వంత సేపేలే అవ్వా, ఏమవుతుంది?” అనింది. నాకు గొడవ పడే ఓపిక లేదు. ఆ సాయంత్రం నుంచి పాలు తోడేసే పని ఆ పిల్లకే అప్పజెప్పినా. గిన్నెలో వేలు పెట్టి, వెచ్చదనం చూసి, అప్పుడు రవ్వంత మజ్జిగ విదిలించమంటాను. తెల్లారి మూత ఆమె చేతనే తీయిస్తాను.