కారు తెర మీద పడ్డ పేరు

"ఫోన్ జేబులో ఉన్నన్నాళ్లూ నా నోటి దురుసు కూడా జేబులోనే ఉందండీ. తీగ గుచ్చి కారుకి కలిపాను, బజారున పడింది. తప్పు కారుదీ కాదు, ఫోన్‌దీ కాదు. రాసుకున్నవాణ్ణి నేను."

ఆ మాట అంటూ ఆయన కారు తెరని మెత్తటి గుడ్డతో తుడుస్తున్నారు. అప్పటికే అది అద్దంలా ఉంది. ఆసుపత్రి వెనక గోడ నీడలో నాలుగు ట్యాక్సీలు ఆగే చోటు అది. ఆయనది వరసలో మూడో బండి. స్టాండులో అందరూ ఆయన్ని 'నిదానం' అంటారు. ఎంత తొందర పెట్టినా బండి వేగం పెంచడని ఎగతాళిగా పెట్టిన పేరు, పిలవగా పిలవగా ముద్దుపేరైపోయింది. తరచూ ఆయన బండే ఎక్కే నాకు ఆ రోజు ఎక్కడికీ వెళ్లే పని లేదు. మూడు వారాలుగా మనిషి ముభావంగా ఉంటున్నాడని చూసి, ముందు సీట్లో ఊరికే కూర్చున్నాను. అడిగినన్నాళ్లూ "ఏం లేదండీ" అన్న మనిషి, అడగనినాడు తనంతట తనే మొదలుపెట్టారు.

ఆయన ఈ పనిలోకి వచ్చి ముప్పై ఒక్క ఏళ్లు. మొదట షెడ్డులో కార్లు కడిగారు, తర్వాత షెడ్డు లోపలే వెనక్కీ ముందుకీ నడిపారు, ఆ తర్వాత రోడ్డెక్కారు. మొన్నమొన్నటిదాకా ఆయన బండిలో దారి చెప్పే యంత్రమంటూ లేదు. "నా బుర్రే నా మ్యాపు" అనేవారు. కిందటేడు పాత బండి మొరాయిస్తే అల్లుడు ఇంకో బండి చూసిపెట్టాడు. వాడకంలో ఉన్నదే, కానీ మధ్యలో పలక అంత తెర.

"మామయ్యా, దీనికి సొంత బుర్ర ఉంది. ఫోన్‌తో పనే లేదు" అన్నాడట అల్లుడు.

ఆ సొంత బుర్ర రెండో రోజే ఆయన్ని ఆసుపత్రి కొత్త భవనం గోడలోకి తిప్పమంది. అల్లుడు తడుముకోకుండా, "ఇది తయారైన రోజుకి అక్కడ గోడ లేదు మామయ్యా" అన్నాడు. పక్కనే ఉన్న కూతురు నవ్వింది. "నాన్నా, దాని చదువు పుట్టినరోజుతోనే ఆగిపోయింది. ఫోన్ రోజూ చదువుకుంటుంది. తీగ పెట్టి కలుపుకో."

"వాళ్లిద్దరి ఇంటి పోట్లాట నా కార్లోకొచ్చింది చూడండి. వాడు కారు వైపు, ఇది ఫోన్ వైపు. ఫోన్‌లో చార్జి అయిపోతే ఏం చేస్తారు, కారుదైతే కారులోనే ఉంటుంది, మన సంగతులు ఎవరికీ మోయదు అన్నాడు వాడు. అప్పుడు నాకు అది చాదస్తంలా వినపడింది."

మన సంగతులంటే ఏమిటని అడిగాను. ఆయన గుడ్డని నాలుగు మడతలు పెట్టారు. తర్వాత చెప్పారు.

స్టాండులో ఒక అలవాటుంది. ప్రయాణికుల నంబర్లు వాళ్ల పేర్లతో రాసుకోరు. ఒకేసారి ముగ్గురు ఫోన్ చేస్తే ఏ గేటు, ఎంత సామాను, ఎలాంటి మనిషి అన్నది చూడగానే తెలియాలి. ఉత్త పేరు చూస్తే ఏం తెలుస్తుంది? అందుకని 'మూడో అంతస్తు లిఫ్టు లేదు', 'తలుపు దబేల్', 'సెంటు సీసా', 'ఐదు నిమిషాల్లో దిగుతా'. ఎవరి ఫోన్ తీసినా ఇదే వరస. అందులో ఎవరికీ తప్పు కనపడలేదు. ఎందుకంటే ఫోన్ జేబులో ఉండేది.

కారు సొంత తెర ఉన్నప్పుడు కూడా గుట్టు దాగింది. దానికి తెలుగు అక్షరాలు రావు. తీగ లేకుండా బ్లూటూత్ మీద ఎవరి ఫోనైనా వస్తే, పేరుండాల్సిన చోట వరసగా ఖాళీ డబ్బాలు పడేవి. "డబ్బాలు లెక్కపెట్టి ఎవరో పోల్చుకునేవాణ్ణండీ. రెండైతే మా ఆవిడ." ఇన్నాళ్లకి, మూడు వారాల కిందట, కూతురే తీగతో కలిపిపెట్టాక ఫోన్ మ్యాపు తెర నిండా పరుచుకుంది, ఎక్కడ రద్దీ ఉందో ఎర్రగా చూపించింది. ఆయనకి ముచ్చటేసింది. అక్షరాలు కూడా వాటంతటవే వస్తాయన్న సంగతి తట్టలేదు. మర్నాడే బుధవారం.

బుధవారం తొమ్మిదింటికి ఆరేళ్లుగా ఆయనకి ఒకటే పని. లెక్కల టీచరుగా రిటైరైన ఒకావిడ్ని ఇంటి దగ్గర ఎక్కించుకుని ఆసుపత్రిలో మోకాలి వ్యాయామానికి తీసుకెళ్లడం, మళ్లీ దింపడం. ఆవిడ ఒంటరి మనిషి. ఎక్కగానే మొదలెట్టేది: "ఏమయ్యా, బెల్టు పెట్టుకున్నావా. ఏమయ్యా, ఆ అద్దం సరిచేసుకో. రైలు గేటు దారి వద్దు, చుట్టు తిరిగి పో." దగ్గర దారి వదిలేసి చుట్టూ తిరగడమేమిటని ఈయన లోపల గొణుక్కునేవారు. పైకి మాత్రం, "అలాగే టీచరుగారూ."

"ఆవిడ కొత్త ఫోన్ కొనుక్కుందండీ. వెనక సీట్లో కూర్చుని, నీ నంబరు దీంట్లోకి ఎక్కిందో లేదో చూస్తానుండవయ్యా అంది. నేను సరేనన్నాను. నొక్కింది."

ఆయన గుడ్డ పక్కన పెట్టి తెర వైపు వేలు చూపించారు.

"తెర మీద ఇంతింత అక్షరాలు పడ్డాయి. నస టీచర్. పడి ఊరుకున్నా బాగుండేది. కారులో ఆ ఆడగొంతు లేదూ, దారి చెప్పేది, అది చదివింది. నస టీచర్ కాల్ చేస్తున్నారు అని. అంతకుముందు ఎవరి ఫోనొచ్చినా అంత స్పష్టంగా పలకలేదు. చేస్తున్నారు అంటూ మర్యాద కూడాను."

నాకు నవ్వొచ్చింది. ఆయన మొహం చూశాక ఆగింది.

"నవ్వండి, ఫర్వాలేదు. స్టాండులో వీళ్లు రెండు రోజులు నవ్వారు. నేనప్పుడేం చేశానో తెలిస్తే మీరు నవ్వరు. తీగ పీకేశాను. పీకేసి, అది వేరే టీచరమ్మ అండీ అన్నాను. ఆవిడ నంబరు కింద కనపడుతూనే ఉంది. లెక్కలు చెప్పిన మనిషికి తన నంబరు తెలీదా?"

ఆవిడేమందని అడిగాను.

"నంబరు ఎక్కిందిలే అంది. అంతే. ఫోన్ మూసి సంచిలో పెట్టుకోబోయింది, అద్దంలో నాకు కనపడింది. ఆవిడ తెర మీద నా పేరు. డ్రైవర్ గారు అనుంది. ముప్పై ఒక్క ఏళ్లండీ. ఏయ్ ట్యాక్సీ తప్ప ఎరగను. ఎదురుగా ఏమయ్యా అన్న మనిషి చాటున గారు అని రాసుకుంది. ఎదురుగా గారు అన్నవాణ్ణి, చాటున నేనేం రాసుకున్నాను?"

ఆసుపత్రి నుంచి ఒకాయన వచ్చి మొదటి బండి ఎక్కాడు. వరస ముందుకు జరిగింది. ఈయన కూడా బండిని రెండు గజాలు జరిపి మళ్లీ ఆపారు.

ఆ రోజు తిరుగు ప్రయాణంలో ఆవిడ ఒక్క మాటా మాట్లాడలేదట. బెల్టు గురించి లేదు, అద్దం గురించి లేదు. కంగారులో ఆవిడ చెప్పే చుట్టుదారి తట్టక, రైలు గేటు దారినే తీసుకెళ్లారు. పట్టాల మీద బండి ఎగిరినప్పుడు వెనక నుంచి చిన్న మూలుగు వినపడింది. ఆరేళ్లుగా ఆవిడ ఆ దారి ఎందుకు వద్దంటోందో ఆయనకి అప్పుడు అర్థమైంది. మోకాలు. ఇంటి ముందు ఆగాక అలవాటు ప్రకారం చెయ్యందించబోయారు. ఆవిడ గేటు పట్టుకుని దిగింది. "వచ్చేవారం ఇంకో ఏర్పాటు చూసుకుంటానండి" అంది. ఏమయ్యా పోయి అండి వచ్చింది.

ఇంటికెళ్లి సాయంత్రమంతా ఫోన్‌లో పేర్లు మార్చడానికి కూర్చున్నారు. భార్య వచ్చి, "రెండు డబ్బాలన్నారు, నన్నేమని రాసుకున్నారేంటి" అని లాక్కుని చూసింది. 'ఇల్లు' అని ఉంది. "నేను మనిషినా, మీరు దిగే స్టాపునా" అని ఎత్తిపొడిచి పోయింది. ఆయన తీసేయడం సులువుగానే తీసేశారు. బదులు ఏం రాయాలన్నదే తెలియలేదు. యాభై అరవై మందిలో అసలు పేరు తెలిసినవాళ్లు ఏడుగురు. ఆరేళ్లు ఎక్కించుకున్న టీచరుగారి పేరూ తెలీదు.

"ఫోన్ చేసి చెప్పుకోవాల్సింది" అన్నాను.

"చేశానండీ. మర్నాడే చేశాను. చెప్పండి అంది. పొరపాటున తగిలిందండీ అని పెట్టేశాను." ఆయన కిటికీ వైపు తిరిగారు. "అదీ కాదు మీకు చెప్పాలనుకుంది. మొన్న బుధవారం బస్టాపులో నిలబడుంది. ఇంకో ఏర్పాటంటే అదేనట. బస్సు మెట్టు ఎంత ఎత్తుంటుందో మీకు తెలుసు. నా బండి ఖాళీ. నెమ్మది చేశాను. ఆవిడ చూసింది, లేదంటే నన్ను చూసిందని నాకనిపించింది. ఆపలేదు. అద్దం ఎత్తేసుకుని పోయాను. నస అని రాసుకోవడం చులకన. అబద్ధం ఆడటం భయం. ఆ మెట్టు దగ్గర ఆవిణ్ణి వదిలేసి పోవడానికి ఏం పేరు పెట్టుకోవాలో తెలీదు."

మాట మార్చడానికి, నన్నేమని రాసుకున్నారని అడిగాను. సిగ్గుపడుతూ ఫోన్ చూపించారు. 'ప్రశ్నలాయన'. మార్చిన జాబితాలో మార్చనిది అదొక్కటే. "మీకు కోపం రాదని ఉంచేశాను. మార్చమంటే ఇప్పుడే మారుస్తా." వద్దన్నాను, అది నిజమే కాబట్టి.

ఇప్పుడు కారు సొంత తెరే వాడుతున్నారా అంటే, లేదన్నారు. తీగ అలాగే పెట్టుకుంటున్నారు. అల్లుడు మళ్లీ డబ్బాలకి పోదాం మామయ్యా అన్నా వినలేదట. "దాచుకోవడానికి చోటుంటే మళ్లీ రాసుకుంటానండీ. నా సంగతి నాకు తెలుసు."

ముందున్న బండి కూడా కదిలింది. ఇక ఆయన వంతు. ఆసుపత్రి మెట్ల మీద ఒక కుటుంబం సామానుతో ఇటే చూస్తోంది. నేను తలుపు తీసుకుని దిగాను. ఆయన ఇటు వంగి అద్దం కిందికి దించారు.

"మీరుండేది ఆవిడ వీధే కదూ. వెళ్లేటప్పుడు ఒకసారి గేటు కొట్టండి. రేపు బస్సెక్కొద్దని చెప్పండి, తొమ్మిదింటికి నేను గుమ్మం ముందుంటాను. వేరే టీచరమ్మ సంగతి మీరు ఎత్తొద్దు. అది నా నోటితో నేను చెప్పుకోవాలి. రానంటే రానని చెప్పమనండి, ఖాళీ బండితో వెనక్కొస్తాను. నేను పంపించానని మాత్రం చెప్పండి, దాచకండి."