రెండు యంత్రాల మర్మమెరిగిన పద్మావతమ్మ

పద్మావతమ్మ గారు కన్నుమూశారని గత సోమవారం ఆమె ఇంటి నుండి వచ్చిన ఫోను నన్ను నిశ్చేష్టురాలిని చేసింది. పన్నెండేళ్ళు ఆమె పక్కన కూర్చుని కంప్యూటర్ ప్రోగ్రాములు రాసినదాన్ని. ఆ మాట మనసుకెక్కడానికి ఒక పూట పట్టింది.

బట్లహళ్ళిలో ఆలయ సేవకుల ఇంట పుట్టిన విదుషీమణి ఆమె. బెంగళూరు కొలువు మాని, చింతామణిలో చిన్న ఆఫీసు పెట్టి, చుట్టుపక్కల ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ రాసి ఇచ్చేవారు.

బాగేపల్లిలోని ఒక డయాలసిస్ కేంద్రానికి నేను రాసిన ప్రోగ్రాం మా లినక్స్ కంప్యూటర్లలో నిర్దుష్టంగా నడిచింది. అక్కడివి విండోస్ యంత్రాలు. కొత్త రక్తపరీక్ష ఫలితాన్ని తాత్కాలిక ఫైలులో రాసి, దానికి పాత ఫైలు పేరు పెట్టాలి. ఫైలు పేరు మార్చే ఆదేశం, అంటే ఫంక్షన్, రెండు చోట్లా ఒకే పేరుతో ఉన్నా, లినక్స్‌లో పాతదాన్ని తొలగించి కొత్తదాన్ని నిలుపుతుంది. విండోస్‌లో మాత్రం పాత ఫైలు ఉంటే, పని కాలేదని చెప్పి ఆగిపోతుంది. ఆ జవాబును నా ప్రోగ్రాం పట్టించుకునేలా నేను రాయలేదు; అందుకే పాత ఫలితమే మిగిలిపోయింది.

ఒక ఉదయం అక్కడి నర్సు మంజుల ఫోను చేసింది. "మేడం, ఇప్పుడు తీసిన రక్తం రిపోర్టు పోయిన వారంది మాదిరే ఉండాది. ఒక్క అంకె కూడా మారలేదు."

"దాన్ని చూసి ఏమీ చేయొద్దమ్మా. ల్యాబు నుంచి కాగితం తెప్పించుకో. మేము వస్తాండాము," అన్నారామె.

బస్సులో నేను, "ఆ విండోస్ అట్లుంటే మనమేం చేస్తాము మేడం?" అన్నాను.

"అది చేతకాలేదని చెప్పిందమ్మా. మనమే వినలేదు. పేరు ఒకటే అయితే గుణం కూడా ఒకటే అనుకున్న్యాము."

కాగితంలో పొటాషియం ప్రమాదకర స్థాయిలో ఉంది. డాక్టరు గారు వెంటనే చికిత్స మార్చారు. ఆ రోగి, సోమేనహళ్ళి రైతు, సాయంత్రానికి తేరుకున్నారు. "ఇది రాసిందెవరు?" అని డాక్టరు గారు నిలదీశారు. "రాసిందెవరైనా పంపింది నేనప్పా. తప్పు నాది," అన్నారు పద్మావతమ్మ గారు.

ఆనాటి నుండి రెండు యంత్రాల మీదా పరీక్షించనిదే ఏ ప్రోగ్రామూ మా గడప దాటలేదు. చిక్కబళ్ళాపురంలో ఇంజనీరింగ్ విద్యార్థులకు ఉపన్యసించినప్పుడల్లా ఆమె మొదట చెప్పేది ఈ పొరపాటునే, తన పేరుతోనే. ఒక్కనాడూ నా పేరెత్తలేదు. ఈ రోజు నేనే చెబుతున్నాను. అంతటి గురువుకు శిష్యురాలినని తల ఎత్తి చెప్పుకుంటున్నాను.

నిన్న ఒక కొత్త ఫంక్షన్ దగ్గర సందేహం వచ్చి, అలవాటుగా "మేడం" అని పిలిచాను. పక్క కుర్చీ ఖాళీగా ఉంది. కళ్ళు తుడుచుకుని, రెండో యంత్రం కూడా తెరిచి, పరీక్ష మొదలుపెట్టాను.