కూర్చోమన్న ఇంటి నుంచి షామీర్‌పేట కట్ట దాకా

2012 ఏప్రిల్ 3: పార్కిన్సన్స్ వ్యాధికి మాత్రలు ఎంత అవసరమో రోజూ నడక, కసరత్తు అంతే అవసరమని డాక్టరు చెప్పారు. ఆ సాయంత్రమే, నేను బయట పడిపోతానని, మా అబ్బాయి నా చెప్పులు అల్మారా పైన పెట్టేశాడు.

ఏప్రిల్ 19: నేను తుంచుతున్న చిక్కుడుకాయల పళ్లెం కోడలు లాక్కుంది. "మీరు కూసోండి మామయ్యా."

మే 8: వీధి చివరి దాకా వెళ్లిన నన్ను పొరుగాయన, నన్ను అడగకుండానే, ఆటోలో ఇంటికి చేర్చాడు.

మే 26: చొక్కాకు నేను మొదటి గుండీ పెట్టుకునేలోగా మిగిలినవన్నీ మా ఆవిడ పెట్టేసింది.

ఈ నాలుగూ ప్రేమతో జరిగినవే. అందువల్లనే ఫిర్యాదు ఎక్కడ చేయాలో తోచక, జూన్ 7న షామీర్‌పేటకు బయలుదేరాను. అక్కడ మహబూబ్ ఉన్నాడు. నేను సర్వేయరుగా ఉన్న కాలంలో భూమి కొలిచే గొలుసు పట్టుకొని పదకొండేళ్లు నా ముందు నడిచిన మనిషి.

ఉదయం 7.30కి మాత్ర వేసుకున్నాను. ముప్పావు గంట గడిస్తే గాని నా కాళ్లు మాట వినవు. నాలాంటివారు ప్రయాణాన్ని ఆ ప్రకారం పెట్టుకోవాలి. పెట్టెలోని పాత కాన్వాసు బూట్లు తొడుక్కొని, షామీర్‌పేటకు పోతున్నానని బల్ల మీద చీటీ రాసి పెట్టి, 8.40కి మా మేడ్చల్‌లో బస్సు ఎక్కాను. పక్క సీట్లో కరివేపాకు మూటతో కూర్చున్నామె నా చేతి వణుకు చూసి జాలిపడింది.

"గింత వణుకుతున్నవ్, ఒక్కనివే వస్తివా? ఇంట్ల ఎవ్వలు లేరా తాతా?"

"ఉన్నారమ్మా. అదే ఇబ్బంది."

ఆమె మూట ఊగేటట్టు నవ్వింది.

9.30కి షామీర్‌పేటలో దిగాను. మహబూబ్ నన్ను హోటల్‌కు తీసుకుపోయి చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించాడు. ఆరోగ్యం గురించి ఒక్క ప్రశ్న వేయలేదు. లేచి బయటికి వస్తుండగా, ఇరుకు గడప దగ్గర నా పాదాలు నేలకు అతుక్కుపోయాయి. ఈ జబ్బులో అలా జరుగుతుంది. వెనక జనం ఆగిపోయారు. ముందు దాటిన మహబూబ్ వెనుదిరిగి చూశాడు.

"ఏంది సాబ్, హద్దురాయి లెక్క పాతుకపోయినవ్? నిన్ను గూడ సర్వే నక్షల ఎక్కియ్యాల్నా?"

తర్వాత పది అడుగుల దూరం పోయి, పూర్వం పొలంలో నిలబడినట్టే చెయ్యెత్తి అరిచాడు. "నడువు సాబ్! ఏక్! దో! తీన్!"

నా కుడికాలు లేచింది.

అలా అతని లెక్క వెంట చెరువు కట్ట ఎక్కాను. ఒకప్పుడు ఆ లెక్క వింటూనే, చేత కొలతల పుస్తకంతో, జొన్న కొయ్యకాళ్లు గుచ్చుకుంటున్నా ఈ చుట్టుపక్కల పొలాలన్నీ నడిచాను. అప్పుడు మధ్యాహ్నానికి అతని డబ్బాలో జొన్నరొట్టె, నా డబ్బాలో చింతకాయ తొక్కు. రెండూ ఒకే కాగితం మీద. ఇప్పుడు ఆ పొలాల్లో ప్లాట్ల తెల్లరాళ్లున్నాయి. మేము కొలిచిన గట్లలో ఒక్కదాని ఆనవాలూ నాకు దొరకలేదు. నడక మాత్రం దొరికింది. కట్ట మీద నలభై నిమిషాలు నడిచాను, రెండుసార్లే ఆగాను.

తిరిగి వచ్చి రోడ్డు దాటేటప్పుడు మహబూబ్ మోచేయి పట్టుకున్నాను. అతనికి ఇటీవలే కంటి ఆపరేషన్ అయింది. చేయి విదిలించుకున్నాడు.

"ఆపరేషన్ కంటికయింది, కాళ్లకు గాదు. మా బిడ్డ తోటి పరేషాన్ అయితున్న, ఇగ నువ్వు గూడనా?"

జూన్ 7, ఉదయం 11.40: ఈ తప్పు నా పేరనే నమోదు చేశాను.

12.15 బస్సులో మేడ్చల్ చేరేసరికి మా అబ్బాయి బండితో బస్టాండులో ఉన్నాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"పడితే ఎట్ల బాపూ?"

"పడలేదు."

"పడితే అంటున్న!"

భయంతో నా చెయ్యి పట్టి లాగాడు. లాగినకొద్దీ పాదాలు బిగుసుకున్నాయి. పక్కన లాగేవాడు కాదు, ముందు నడిచేవాడు కావాలని ఆ జనంలో వాడికి చెప్పలేకపోయాను. బండి మీద ఇల్లు చేరాను. వెళ్లేటప్పుడు మనిషిని, వచ్చేటప్పుడు మూటను. ఆ రోజు ప్రయాణంలో నాకు మిగిలిన అభిప్రాయం ఇదే.

కావున మా ఇంటి ముగ్గురు పెద్దలకు తెలియజేయునది: ప్రతి ఉదయం నా ముందు పది అడుగుల దూరంలో నడుస్తూ, నాకు వినబడేలా లెక్కపెట్టువారు మీలో ఎవరో ఏడు రోజులలోగా సంతకంతో రాతపూర్వకంగా తెలుపవలెను. "మీరు కూర్చోండి" అనునది జవాబుగా స్వీకరించబడదు.