ఏడుపు వరుసలో ఒక తీసివేత

కొత్తగూడ వైపు ఒక గూడెంలో అంగన్‌వాడీ నడిపే అక్క నెలకోసారి పిల్లలను తూచి, కాగితం మీద రాసి, ఫోటో తీసి నాకు పంపేది. మహబూబాబాద్ ఆఫీసులో కూర్చుని దాన్ని కంప్యూటర్‌కు ఎక్కించడం నా కొత్త ఉద్యోగం. ఒక్కో పిల్లకు ఒక్కో వరుస. అందులో బరువు, ఎత్తు, జబ్బ కొలత. పేర్లు ఎక్కించలేదు. వరుసలన్నీ కలిపిన మాత్రికకు అంకెలు చాలు, పేర్లెందుకని నా తెలివి. ఈ నెల మాత్రికలోంచి పోయిన నెలది తీసేయమని నంపై అనే లెక్కల లైబ్రరీతో ఒక్క ముక్క రాస్తే చాలు, పన్నెండు మంది ఎంత పెరిగారో వచ్చేస్తుంది.

రెండో నెల తీసివేత చేసి చూశాను. మొదటి వరుసలో మైనస్ మూడు కిలోలు. పోయిన నెల కాగితం తీసి చూస్తే అది ఒక మూడేళ్ల పాపది. నెలలో మూడు కిలోలు తగ్గితే ఆ పిల్ల బతుకుతుందా? నాకు భయమేస్తే ముందు కోపమొస్తుంది. ఫోన్ చేసి అక్క మీద విరుచుకుపడ్డాను.

"పిల్ల గంత బక్కగయితుంటె ఏం జేస్తున్నవక్కా? దవాఖానకు తోల్కపోవద్దా?"

"ఏ పిల్లనే? అందరు మంచిగనే ఉన్నరు. జర నిమ్మళంగ చెప్పు."

చెబుదామని మళ్లీ తెర వైపు చూశాను. అదే వరుసలో ఎత్తు మైనస్ పదకొండు సెంటీమీటర్లు. పిల్ల చిక్కిపోవచ్చు గానీ, పొట్టిదెలా అవుతుంది?

"అక్కా, పిల్లలను ఏ వరుసల తూస్తవు?"

"వరుసేంది? ఎవరు ముందు ఏడిస్తె వాళ్లను ముందు తూస్త. లేకుంటె ఒగలను చూసి ఒగలు అందరు అందుకుంటరు."

అదీ సంగతి. లైబ్రరీకి పిల్లలెవరో ఏం తెలుసు పాపం, ఈ నెల మొదటి వరుసలోంచి పోయిన నెల మొదటి వరుసను తీసేసింది. ఈ నెల ముందుగా ఏడ్చింది ఏడాదిన్నర పిల్లాడు. వాడిలోంచి మూడేళ్ల పాపను తీసేశాను నేను. తప్పంతా నాదే, అక్క కాగితంలో పేర్లు ముత్యాల్లా ఉన్నాయి.

ఫోన్ పెట్టేయకుండానే పేర్లు చూసుకుంటూ వరుసలు సరిచేసి మళ్లీ తీసివేత చేశాను. ఒక్క మైనస్ లేదు. పాప రెండు వందల గ్రాములు పెరిగింది. హమ్మయ్య అనుకుని కుర్చీలో వెనక్కి వాలాను. ఈ నెల కాగితంలో ఆ పాప పేరు అన్నిటికన్నా కింద ఉంది.

"అది ఈసారి ఏడ్వనే లేదు" అంది అక్క. "తనంతల తనే వచ్చి కాంటా మీద నిలబడ్డది."

తప్పయిందక్కా అంటూ ముక్కు ఎగబీల్చాను.

"ఏడుస్తున్నవా ఏందే?" అని నవ్వింది అక్క. "రా మరి, ముందుగాల నిన్నే తూస్త."