పోలండు రికార్డు విన్న మధ్యాహ్నం

నా చిన్నప్పుడు, తొంభైల్లో, విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర మా వీధిలో రికార్డు ప్లేయరున్న ఇల్లు ఒక్కటే. అది పక్కింటి తాతయ్యది. ఆయన ఓడల్లో కరెంటు పని చేసి రిటైరయ్యాడు. పోర్టుకొచ్చిన ఒక పోలండు ఓడ ఇంజనీరు స్నేహంకొద్దీ ఇచ్చిన రికార్డు ఆయన దగ్గరుండేది. వాళ్ల దేశపు కొత్తకాలం సంగీతం. రెండు వయొలిన్లు, వాటికంటే కాస్త పెద్దదొకటి, మోకాళ్ల మధ్య నిలబెట్టి వాయించేదొకటి. అట్ట మీది బొమ్మ చూపించి ఆయనే చెప్పాడు. నాకది పాటలా ఉండేది కాదు. తుప్పుపట్టిన గొలుసు ఈడ్చినట్టు గీరుకుంటూ, ఉన్నట్టుండి సన్నగా మూలుగుతూ సాగేది. మొదలుపెట్టే ముందు వాయించే నలుగురూ ఒక్కసారి ఊపిరి పీల్చుకోవడం కూడా అందులో వినబడేది.

ఆ రోజుల్లోనే చేపల వేటకెళ్లిన మా నాన్న బోటు తిరిగి రాలేదు. మనిషీ దొరకలేదు. ఏడిస్తే పోయాడని ఒప్పుకున్నట్టేనని నాయనమ్మ ఇంట్లో ఎవరినీ ఏడవనివ్వలేదు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఆ మాట నిజమని నమ్మాను. అమ్మ కళ్లు నిండినప్పుడల్లా పరుగున వెళ్లి అరచేత్తో ఆమె నోరు మూసేదాన్ని. అమ్మ ఒక్కసారీ నా చెయ్యి తీసెయ్యలేదు.

మూడు నెలలయ్యాక ఒక మధ్యాహ్నం తాతయ్య ఆ రికార్డు పెట్టాడు. చేపలమ్మి ఖాళీ తట్టతో వస్తున్న అమ్మ ఆయన గుమ్మం ముందు ఆగిపోయింది. కష్టంలో ఉన్న మనిషికి ఈ గోలెందుకనుకున్నాడేమో, ఆయన గబుక్కున రికార్డు మీంచి ముల్లు ఎత్తేశాడు.

"ఎందుకాపీసావు మావా? ఎయ్యి," అంది అమ్మ.

మళ్లీ మొదలైంది. అడుగున లావుపాటి తీగ ఒకే స్వరం పట్టుకుని ఉంటే, పైన వయొలిన్ గొంతు చించుకుంది. అమ్మ తట్ట దించి గడపలో కూలబడి, ఎన్నడూ నోట పలకని నాన్న పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. నేను చెయ్యి చాపుకుని పరిగెత్తాను. తాతయ్య నా మణికట్టు పట్టుకున్నాడు.

"అమ్మని ఏడవనీ తల్లీ. నువ్వు పక్కన కూకో, సాలు."

"అమ్మ ఏడిత్తే నాన్న రాడు తాతా!"

ఆయన వంగి నా మొహంలోకి చూశాడు. "నాన్న రాకపోతే అది మీ అమ్మ ఏడుపు వల్ల కాదమ్మా. నీ వల్లా కాదు," అన్నాడు.

అమ్మను ఆనుకుని కూర్చున్నాను. ఆమె డొక్కలు అదురుతుంటే నా ఒళ్లూ అదిరింది. రికార్డు అయిపోయినా ఎవరమూ లేవలేదు.

నాన్న రాలేదు. తరవాతి ఏళ్లలో తాతయ్యా, అమ్మా పోయారు. ఆ మూడు నెలలూ నోరు మూసినందుకు అమ్మని క్షమించమని నేను అడగనేలేదు. ఇప్పుడు చావింటికి వెళితే "ఊరుకో" అనే మాట నా నోట రాదు. ఆ మనిషి పక్కన కాస్త చోటు చూసుకుని కూర్చుంటాను.