ఎర్రక్షరాలు వస్తున్నయా బిడ్డా?

ఆ రోజుల్లో, అంటే మరీ రాజుల కాలమేమీ కాదు, ఇంజనీరింగ్ పూర్తిచేసి సిద్దిపేటలో మా బాపు చీరల దుకాణం మెట్ల మీద తీరిగ్గా కూర్చునే రోజుల్లో, మౌసు పట్టేవాడు ఇంజనీరే కాదని నాకో గట్టి నమ్మకం. నల్లటి తెర మీద కమాండ్లు టైపు చేసి పని చేయించేవాడే మొనగాడు. (ఆ మొనగాడికి అప్పటికి ఉద్యోగం లేదు.) హైదరాబాద్‌లో ఇంకో కోర్సు చేస్తానని పోరుపెడితే బాపు ఒకటే మాట అన్నాడు. "నేర్సుకున్నదేందో ఈ ఐతారం గీ దుకాణంల సూపెట్టు. నడిస్తే పట్నం పో. నడవకుంటే గల్లా కాడ కూసో."

నేను చూపించాల్సింది అగ్గిపెట్టెలో పట్టేంత బోర్డు. లాప్‌టాప్‌ నుంచి కేబుల్ ద్వారా ప్రోగ్రాం పంపితే దాని మీది చిన్న లైటు వెలిగి ఆరుతుంటుంది, అంతే. ఆదివారం పొద్దున చీరలు పరిచే పరుపు మీద అన్నీ సర్ది కమాండ్ కొట్టాను. బోర్డు కనబడలేదని ఇంగ్లీషులో ఎర్రగా వచ్చింది. బోర్డుకు కరెంటు అందుతూనే ఉంది కాబట్టి తప్పు లాప్‌టాప్‌దేనని తేల్చేసి, ఉన్న సాఫ్ట్‌వేర్ తీసి మళ్ళీ ఎక్కించాను. ఈసారి ఎర్రక్షరాలు తెర నిండా జలజలా దిగాయి. నేను టకటకా కీబోర్డు కొడుతుంటే, చేర్యాల నుంచి పెళ్లి చీరలకొచ్చిన ఆడవాళ్లు బేరం మరచి నావైపే చూస్తున్నారు. బాపు గొంతులో నేనెన్నడూ వినని గర్వం. "మావోడు కంప్యూటర్ తోని కొట్లాడుతుండు. జర సప్పుడు జేయకుండ్రి." నాకు చాయ్ కూడా వచ్చింది. (మౌసు పట్టుకుంటే ఆటలాడుతున్నానని తిట్టేవాడు.)

మధ్యాహ్నానికి చేతులెత్తేసి కేబుల్ పీకేశాను. బాపు బోర్డును కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"దీని నోట్లె గీ పసుపేంది బిడ్డా?"

నాకప్పుడు వెలిగింది. దేవుడూ గీవుడూ లేడని ఇంటిల్లిపాదితో వాదించే నేను, ఆ పొద్దున ఎవరూ చూడకుండా అమ్మ దేవుడి గూట్లోంచి కొమురవెల్లి మల్లన్న బండారి పసుపు తీసి, తడిపి, బోర్డుకు బొట్టు పెట్టాను. బోర్డు చిన్నది, నా వేలు పెద్దది. సగం బొట్టు కేబుల్ దూర్చే రంధ్రంలోకి పోయింది. కరెంటుకు దారి దొరికింది గానీ నా ప్రోగ్రాంకు దొరకలేదు.

చీపురుపుల్లతో గీకి, ఆరబెట్టి, మళ్ళీ కమాండ్ కొట్టాను. ఒక్క ఎర్రక్షరమూ రాలేదు. లైటు మిణుకు మిణుకుమంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"గింతేనా?" అన్నాడు బాపు నీరసంగా. "పొద్దుగాలదే మంచిగుండె." కాసేపు ఆ లైటునే చూసి, "సరే, పట్నం పో. గల్లా కాడ గంటసేపు సుత కూసుండనోనివి, గీడ పొద్దుగాల నుంచి లేవలే" అన్నాడు.

ఇప్పుడు నా ఉద్యోగమంతా ఇలాంటి బోర్డులతోనే. కొత్తది రాగానే ముందు దాని నోట్లోకి చూస్తాను. తర్వాత, పక్కవాళ్లు చూడనప్పుడు, డబ్బా మీద పొడి పసుపుతో బొట్టు పెడతాను. ఫోన్ చేసినప్పుడల్లా బాపు అడుగుతాడు, "ఎర్రక్షరాలు వస్తున్నయా బిడ్డా?"

"వస్తున్నయి బాపు."

"ఇంకేం మరి, పని నడుస్తున్నట్టే."

ఆ మాట దిద్దాలని నాకు ఇన్నేళ్లలో ఒక్కసారీ అనిపించలేదు.