అడవికి తిరిగి వెళ్ళిన మొద్దు

మాచర్లలో మా పొయ్యిలోకి కట్టెలు నల్లమల నుంచి ఎడ్లబండి మీద వచ్చేవి. అరవైల మొదట్లో, క్రిస్మస్ వంటలకని దింపించిన కట్టెల్లో తొర్ర ఉన్న మొద్దు ఒకటి తగిలింది. చీల్చబోతే తొర్రలోంచి అరచేయంత సాలీడు తొంగి చూసింది. కాళ్ళ మీద నీలం మెరుపు, అక్కడక్కడ పసుపు మచ్చలు.

గొడ్డలి దించేశాను. గ్రంథాలయంలో జీవజాలం మీద ఉన్న పుస్తకాలన్నీ అట్ట నుంచి అట్ట దాకా చదివినవాణ్ణి. కొన్ని సాలీళ్ళు ఒకే ఒక్క అడవిలో, అదీ ముసలి చెట్ల తొర్రల్లోనే బతుకుతాయనీ, ఆ చెట్లు పోతే ఆ జాతే ఉండదనీ వాటిలో ఉంది. ఇది ఆ రకమేనని నాకు అనుమానమే లేదు.

"ఏందయ్యా, మొద్దును చూస్తా కూర్చున్నావు?" అంది నా భార్య.

"ఇది లోకంలో ఇంకెక్కడా లేదే!"

"మరి మనింట్లో మాత్రం ఎందుకంట?"

ఆదివారం లోపల అది పొయ్యిలోకి పోవాల్సిందేనంది. కట్టెలు తెచ్చిన బండి బాబాయినే బతిమాలాను.

"అబ్బాయ్, మా తాతల కాడ్నుంచీ అడవి నుంచి కట్టెలు తెచ్చినోళ్ళమే గానీ అడవికి మోసినోళ్ళం కాదు. నా ఎద్దులు కూడా నవ్వుతయ్," అన్నాడు. ఎవరికీ కనపడకుండా గోనె కప్పుతానంటే ఒప్పుకున్నాడు.

తంటా ఆ గోనెతోనే వచ్చింది. అడవి గేటు దగ్గర గార్డు దాన్ని లాగి చూశాడు.

"పర్మిట్ ఏది?"

"లోపలికి తీసుకెళ్తున్నామండీ."

"కట్టెలు దాచి బయటికి పోయేవాళ్ళను చానామందిని పట్టుకున్నా. దాచి లోపలికొచ్చేది మీరే. తొర్రలో ఏముంది?"

సాలీళ్ళ జాతుల గురించి మొదలుపెట్టాను. ఆయన వినకుండా తొర్రలో లాఠీ పెట్టాడు. సాలీడు ముందు కాళ్ళెత్తి లాఠీ మీదికి వచ్చింది. గార్డు లాఠీ వదిలేసి గేటెక్కాడు.

"పోండయ్యా! పర్మిటూ వద్దు, ఏమీ వద్దు!"

గేటు తెరవాలంటే ఆయన దిగాలి. ఆయన దిగాలంటే మేము పోవాలి. చివరికి సాలీడే విసుగొచ్చి తొర్రలోకి దూరింది.

మొద్దును ఒక ముసలి చెట్టు మొదట్లో ఆనించి వచ్చాం. నెల తిరక్కుండా బాబాయి దింపిన కొత్త కట్టెల్లో, అన్నిటికన్నా పైన, అదే మొద్దు!

"ఎండుకట్టె కనపడితే చెయ్యి ఆగదబ్బాయ్," అన్నాడు.

వంగి తొర్రలోకి చూశాను. తెగిన దారప్పోగులు తప్ప ఏమీ లేవు. ఇల్లు ఖాళీ చేసి అడవిలోనే దిగిపోయింది! ఉత్సాహంగా గొడ్డలి అందుకున్నాను.

"ఆగయ్యా," అంది నా భార్య. "ఇంకోసారి చూడు. పిల్లలేమన్నా మిగిలినయ్యేమో."